డ్రిల్ పీరియడ్ నాటి సంగతులు

మొన్న పొద్దున నడకకు వెళ్ళినప్పుడు ఒక స్కూలు ప్రహరీ పక్కన తడి సున్నం వాసన తగిలింది. గేటులోంచి చూస్తే ఇద్దరు పిల్లలు తాడు బిగించి పట్టుకున్నారు, మూడోవాడు వంగి గీత పోస్తున్నాడు. ఆటల పోటీలు దగ్గర పడ్డాయన్నమాట. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. చివరికి ఆ గీత పోస్తున్నవాడు తలెత్తి, "ఎవరు కావాలండీ?" అని అడిగాడు. ఎవరూ వద్దని చెప్పి వచ్చేశాను గానీ, అప్పటినుంచీ బుర్రలో విజిళ్ళు మోగుతూనే ఉన్నాయి.

మా చిన్నప్పుడు గీతలు పోయడమంటే పెద్ద పని. మేకులు కొట్టాలి, తాడు కట్టాలి, తాడు లాగి వదిలితే నేల మీద పడే సన్నటి గుర్తు మీద సున్నం పోసుకుంటూ పోవాలి. మా డ్రిల్ సార్ ఈ పనిని బుద్ధిమంతులకు ఎప్పుడూ ఇచ్చేవారు కాదు. క్లాసులో కుదురుగా కూర్చోలేని వాళ్ళను, ఏ మాస్టారి దగ్గరైనా తిట్లు తినే వాళ్ళను ఏరి మరీ పిలిచేవారు. తాడు పట్టుకున్నవాడు కదిలితే గీత వంకర పోతుంది. ఆ వంకర గీత పోటీలయ్యేదాకా స్కూలందరి కళ్ళ ముందూ ఉంటుంది. ఆ భయంతోనో, ఆ గొప్పతనంతోనో, పది నిమిషాలు ఒకచోట నిలబడలేని వాళ్ళు మధ్యాహ్నమంతా ఎండలో బొమ్మల్లా నిలబడేవారు. సార్ అటువైపు వచ్చేవారే కాదు. దూరంగా నెట్ ముడులు విప్పుకుంటూ ఉండేవారు.

ఆ గీతల దగ్గరే ఒకసారి పెద్ద గొడవ జరిగింది. పూర్తి చుట్టు పరుగులో బయటి లేన్లవాళ్ళు ముందుకు నిలబడతారు కదా, అది చూసి లోపలి లేన్ వాడు "అన్యాయం సార్, వాడు ముందే ఉన్నాడు" అని కూర్చుండిపోయాడు. వాడి క్లాసు వాళ్ళంతా వాడివైపు చేరారు. సార్ మెగాఫోన్ పట్టుకుని ఉపన్యాసం ఇవ్వచ్చు, లేదా నోరు మూసుకుని పరుగెత్తమనచ్చు. ఆ రెండూ చెయ్యకుండా టేపు వాడి చేతికే ఇచ్చి, "కొలువు" అన్నారు.

పోటీ ఆగిపోయింది. ముఖ్య అతిథి కోసం వేసిన కుర్చీల్లో పెద్దవాళ్ళు వాచీలు చూసుకుంటున్నారు. మేం పదిమందిమి వంపు వెంట మేకులు గుచ్చుకుంటూ, టేపు పరుచుకుంటూ రెండు లేన్లూ కొలిచాం. బయటి లేన్‌లో చుట్టు పొడవు నిజంగానే ఎక్కువ వచ్చింది. ఎంత ఎక్కువో అంతే ముందుకు జరిపి నిలబెట్టారు సార్. కూర్చున్నవాడు లేచి, ప్యాంటు దులుపుకుని, తన గీత మీదికి వెళ్ళి నిలబడ్డాడు. "ఇంకెవరికైనా అనుమానం ఉందా?" అని మాత్రం అడిగారు సార్. తర్వాత తెలిసింది, 1.22 మీటర్ల వెడల్పున్న లేన్లయితే ఒక్కో లేన్‌కి ఈ తేడా సుమారు ఏడున్నర మీటర్లని, ఒక పూర్తి చుట్టుకు లెక్క వేస్తే ట్రాక్ 200 మీటర్లదైనా 400 మీటర్లదైనా తేడా అంతేనని. మా లెక్కల సార్ అది నమ్మలేక సుద్దముక్కల డబ్బా వెనక లెక్క వేసి చూసుకున్నారు. నేను టీచరయ్యాక కూడా, తగువు పెట్టుకున్న పిల్లకో పిల్లవాడికో టేపు ఇచ్చేయడం మానలేదు. సమయం పోతుంది నిజమే. పోనీ.

జట్లు ఎంచుకోవడం గురించి చెప్పాలి. ఇద్దరు కెప్టెన్లు ఎదురెదురుగా నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుచుకునే పద్ధతి అందరికీ తెలిసిందే. మొదటి నలుగురూ నవ్వుతూ వెళ్తారు. మధ్యవాళ్ళు బూట్ల లేసులు సరిచేసుకుంటారు. చివర మిగిలిన ఇద్దరి వంకా చూడటం కష్టం. "నువ్వు తీసుకో", "వద్దులే, నువ్వే తీసుకో" అని కెప్టెన్లు వాళ్ళ ఎదుటే బేరాలాడతారు. నేను ఆ చివరి ఇద్దరిలో చాలాసార్లు ఉన్నవాణ్ణి. అప్పట్లో బక్కగా, పొట్టిగా, బంతి వస్తే కళ్ళు మూసుకునే రకం. అలాంటివాడు ఆటల టీచరెలా అయ్యాడని ఇప్పటికీ మా ఇంట్లో నవ్వుతారు.

మా సార్ ఈ పిలుపుల పద్ధతిని ఒక్క దెబ్బతో తీసేశారు. ఇద్దరు కెప్టెన్లనూ ఆట సామాను గదిలో కూర్చోబెట్టి, ఇద్దరూ కలిసి రెండు జాబితాలు రాయమనేవారు. బయట మాకు ఏమీ వినిపించదు. రాయడం అయ్యాక రెండు చీటీలు మడిచి టోపీలో వేసేవారు. ఏ చీటీ తీస్తే ఆ జట్టు. అంటే ఎవరికి ఏ జట్టు వస్తుందో రాసేటప్పుడు ఇద్దరికీ తెలియదు. మొదటివారమే ఒక కెప్టెన్ అతితెలివికి పోయాడు. రెండోవాడు కాస్త మెతక. వాణ్ణి ఒప్పించి గట్టివాళ్ళందరినీ ఒక జాబితాలోకి తోసి, అదృష్టం మీద భారం వేశాడు. చీటీ తీస్తే రెండో జట్టు వచ్చింది. ఆ సాయంత్రం వాడు, నాలాంటి వాళ్ళను వెంటేసుకుని, పదిహేను పాయింట్ల ఆటలో రెండు పాయింట్లు చేశాడు. ఆ తర్వాత వాడంత సమానంగా జట్లు విడదీసినవాణ్ణి నేను చూడలేదు. ఎవరికి ఎడమచేతి సర్వీసు వస్తుందో, ఎవరు వెనక వరుసలో పనికొస్తారో, ఎవరెవరు కలిస్తే పోట్లాడుకుంటారో అన్నీ వాడికి తెలిసిపోయాయి. నా గురించి కూడా ఏదో కనిపెట్టి ఉంటాడు. నన్ను ఎప్పుడూ నెట్‌కి దూరంగా, గట్టిగా అరిచేవాడి పక్కన పెట్టేవాడు.

వాలీబాల్ మా స్కూలు ఆట. బ్లాక్‌కి, అంటే ఎదుటివాళ్ళు కొట్టిన బంతిని నెట్ దగ్గరే ఆపడానికి ఎగిరినప్పుడు, బంతి వేలికి రాసుకుని బయట పడితే, విజిల్ కోసం చూడకుండా చెయ్యెత్తాలని సార్ నియమం. ప్రాక్టీసులో అందరూ ఎత్తేవాళ్ళం. పోయేదేముంది? కానీ వేరే స్కూలుతో జరిగిన ఒక ఆటలో, ఆఖరి పాయింట్ల దగ్గర, మా పొడుగువాడి చిటికెన వేలికి బంతి తగిలింది. రిఫరీ చూడలేదు, పాయింటు మాకే ఇచ్చాడు. మావాడు చెయ్యెత్తాడు. పాయింటు అటు పోయింది, కాసేపటికి ఆట కూడా పోయింది.

తిరుగు ప్రయాణంలో వాడితో ఎవరం మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. సార్ వాణ్ణి మెచ్చుకుంటారని, అసెంబ్లీలో నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తారని అనుకున్నాం. అదేమీ లేదు. ప్రాక్టీసు అయ్యాక జట్టునంతా కూర్చోబెట్టి, వాణ్ణి మాత్రం బంతులకు గాలి కొట్టమని పంపేశారు. అప్పట్లో తోలు బంతులు. లోపలి బ్లాడర్‌లోకి గాలి ఎక్కించి, మెడ మడిచి కట్టి, లేసు బిగించాలి. అదొక అరగంట పని. వాడు వెళ్ళాక సార్ అడిగారు: "టచ్ అయిందని మీలో ఎంతమందికి తెలుసు?"

ఎవరం నోరు మెదపలేదు. తర్వాత ఒకడు, ఆ తర్వాత ఇంకొకడు చెయ్యి లేపాడు. నెట్ దగ్గరున్న వాళ్ళందరికీ తెలుసు. సార్ తలూపి, "అయితే సరే, పొండి" అన్నారు. అంతే. దాని మీద మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. గాలి కొట్టడం సగంలో ఉండగానే ఇద్దరు లోపలికెళ్ళి లేసు పట్టుకున్నారు.

ఈమధ్య 2023లో అంతర్జాతీయ స్థాయి వాలీబాల్ నేషన్స్ లీగ్‌లో గ్రీన్ కార్డ్ అని ఒకటి పెట్టారు. టచ్ అయిందని ఆటగాడు తనంతట తానే ఒప్పుకుంటే ఆ కార్డు చూపిస్తారు. మంచిదే. వీడియో రివ్యూతో పోయే సమయం కూడా కలిసొస్తుంది. కానీ కార్డుకోసం చెయ్యెత్తడం, కార్డు లేని రోజుల్లో చెయ్యెత్తడం ఒకటేనా అని మా పొడుగువాణ్ణి అడగాలనిపించింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతి వార్షికోత్సవంలోనూ ఒకే మాట వినేవాణ్ణి: ఆటలు ఆడితే క్రమశిక్షణ వస్తుంది, నడవడిక బాగుపడుతుంది. వేదిక మీద ఎవరున్నా అదే మాట. ఈ నమ్మకం ఈనాటిది కాదు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ బడుల్లో ఆట మైదానమే మనిషిని తయారు చేస్తుందని గట్టిగా నమ్మారు. ఆధునిక ఒలింపిక్స్‌ను నిలబెట్టిన కూబర్తీన్ 1883లో అక్కడి రగ్బీ అనే ఊరి స్కూలును చూసి వచ్చి, ఆ నమ్మకాన్ని తన దేశమైన ఫ్రాన్స్‌కి మోసుకెళ్ళాడు. అయితే నేను ట్రైనింగ్‌లో ఉండగా లైబ్రరీలో వేరే రకం కబురు ఒకటి చదివాను. బ్రూస్ ఓగిల్వీ, థామస్ టట్కో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎంతోమంది క్రీడాకారులను పరిశీలించి, ఆటలు వ్యక్తిత్వాన్ని తయారు చేస్తాయనడానికి తమకు ఆధారం దొరకలేదని 1971లో రాశారు. అది చదివి నేను నిరుత్సాహపడాలి. కానీ ఊపిరి పీల్చుకున్నాను. ఎందుకంటే నేను చూసిన కొన్ని గ్రౌండ్లలో పిల్లలు నేర్చుకున్నది రిఫరీ చూడనప్పుడు చొక్కా ఎలా లాగాలో, దెబ్బ తగలకుండానే ఎలా పడిపోవాలో. బంతికి మంచీ చెడూ తేడా తెలియదు. ఏది నేర్పితే అదే వస్తుంది.

నేను పనిచేసిన ఒకచోట ఒక సీనియర్ మాస్టారు ఉండేవారు. మంచి మనిషే, కానీ ఆయనకు ఏ తప్పుకైనా ఒకటే మందు: గ్రౌండ్ చుట్టూ రౌండ్లు. ఆలస్యమైతే రౌండ్లు, మాట్లాడితే రౌండ్లు, యూనిఫారం మురికైతే రౌండ్లు. పిల్లలకు పరుగంటే శిక్ష అని ఖాయమైపోయింది. మరుసటి గంటలో నేను "రండి, పరుగెడదాం" అంటే, "మేమేం చేశాం సార్?" అనేవారు. తెలుగు మాస్టారు శిక్షగా పద్యం చదివిస్తే పద్యం మీద ప్రేమ ఎలా పుడుతుంది? ఈ మాట స్టాఫ్‌రూమ్‌లో చాలాసార్లు అన్నాను. తెలుగు మాస్టారు మాత్రం నవ్వేవారు.

డాన్ హెల్లిసన్ పేరు నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. చికాగోలో, కష్టాల్లో పెరుగుతున్న పిల్లలతో ఏళ్ళ తరబడి జిమ్‌లో పనిచేసిన ప్రొఫెసర్. ఆయన పద్ధతిలో అయిదు మెట్లుంటాయి. ఎదుటివారి హక్కులనూ మనసునూ గౌరవించడం ఒకటి. మనస్ఫూర్తిగా ప్రయత్నించడం రెండోది. ఎవరూ వెనకాల నిలబడకపోయినా తన పని తాను చూసుకోవడం మూడు. ఇంకొకరికి సాయపడటం, ముందుండి నడపడం నాలుగు. ఇవన్నీ గ్రౌండ్ దాటి ఇంట్లో, వీధిలో కూడా ఉండటం అయిదు. నాకు మెట్లకంటే ఆయన క్లాసు ముగించే తీరు నచ్చింది. చివరి నిమిషాల్లో పిల్లలందరూ గుండ్రంగా కూర్చుని, ఆ రోజు తామెలా ఉన్నారో బొటనవేలితో చూపిస్తారు. బాగుంటే పైకి, ఫరవాలేదంటే పక్కకి, బాగాలేదంటే కిందికి.

నేనూ మొదలుపెట్టాను. మొదటి వారాల్లో అన్ని వేళ్ళూ పైకే. అందరూ మహానుభావులే. నేనేమీ అనలేదు, కారణాలూ అడగలేదు. ఒకరోజు మా స్కూలులో అందరికంటే వేగంగా పరుగెత్తే అమ్మాయి వేలు కిందికి దించింది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఎందుకని నేను అడగకుండానే, "బ్యాటన్ జారవిడిచిందని దాన్ని చూసి నవ్వాను సార్" అంది. ఆ "అది" ఎదురుగానే కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. మర్నాడు గుండ్రంగా కూర్చున్నప్పుడు వేళ్ళు మూడు దిక్కులకూ ఉన్నాయి.

ఆ ఇద్దరి కథ అక్కడితో అయిపోలేదు. రిలేలో వాళ్ళిద్దరూ రెండో, మూడో అంచెలు. అంతకుముందు నుంచే మాటల్లేవు. కారణం ఏదో క్లాసురూమ్ వ్యవహారం, నేను తవ్వలేదు. నాలుగు వందల మీటర్ల రిలేలో బ్యాటన్ అందుకునే మనిషి వెనక్కి చూడకూడదు. చూస్తే వేగం పోతుంది. చెయ్యి వెనక్కి చాచి నమ్మకంగా పరుగెత్తాలి. వెనకనుంచి వచ్చే మనిషి సరైన క్షణంలో "హ్యాండ్" అని అరవాలి. అప్పట్లో మార్పిడికి 20 మీటర్ల జోనే ఉండేది. ఆ కాస్త దూరంలో పని అయిపోవాలి, ఇప్పుడైతే 30 మీటర్లు.

ఆ ఇద్దరి అంచెలూ మార్చమని మిగతా పిల్లలు నా ప్రాణం తీశారు. మార్చలేదు. మొదట్లో ఆ అమ్మాయి "హ్యాండ్" అనడానికి కూడా ఇష్టపడలేదు. అందుకోవాల్సిన అమ్మాయి వినపడక వెనక్కి చూసేది, బ్యాటన్ కిందపడేది. లోహపు బ్యాటన్ గట్టి నేల మీద పడితే వచ్చే ఆ ఖంగుమనే చప్పుడు సాయంత్రానికి చాలాసార్లు వినేవాళ్ళం. తర్వాత అరుపు వచ్చింది, కానీ కోపంతో. ఆ కోపపు అరుపుకే చెయ్యి సరిగ్గా వెనక్కి వచ్చింది. కొన్నాళ్ళకు ఇద్దరూ అడుగులు లెక్కపెట్టి నేల మీద తమ గుర్తు తామే గీసుకున్నారు. అప్పుడు కూడా మాటలు తక్కువే: "ఇంకో రెండడుగులు", "చాల్లే", "ఇక్కడ". జిల్లా పోటీల్లో బ్యాటన్ ఒక్కసారి కూడా జారలేదు. స్నేహితులయ్యారా అంటే కాలేదు. స్కూలు వదిలేదాకా వేరే వేరే బెంచీల్లోనే కూర్చున్నారు. స్నేహం కుదిర్చానని చెప్పుకోవాలని నాకు ఉండేది గానీ, అది జరగలేదు. నచ్చని మనిషి చేతికి బ్యాటన్ సరిగ్గా అందించడం మాత్రం ఇద్దరికీ వచ్చింది.

వాన రోజుల్లో వరండాలో కూర్చోబెట్టి కథలు చెప్పేవాణ్ణి. పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగింది బోల్టు కథ. 1964లో ఇన్స్‌బ్రుక్ శీతాకాల ఒలింపిక్స్. మంచు వాలులో దూసుకుపోయే ఇద్దరు మనుషుల బాబ్‌స్లెడ్ పోటీ. బ్రిటన్ జట్టు బండికి బోల్టు విరిగింది. వాళ్ళకు ప్రత్యర్థి అయిన ఇటలీ ఆటగాడు యూజీనియో మోంటీ తన బండి బోల్టు ఇచ్చాడు. బ్రిటన్‌కు చెందిన నాష్, డిక్సన్‌లకు స్వర్ణం వచ్చింది, మోంటీకి కాంస్యం. తర్వాత ఆయనకు కూబర్తీన్ పేరిట పెట్టిన పతకం ఇచ్చారు. నాలుగేళ్ళ తర్వాత గ్రెనోబుల్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలుచుకున్నాడు.

కథ అయిపోగానే పిల్లలు రెండు వర్గాలు. "ఇవ్వకపోతే ఆయనకే వెండో బంగారమో వచ్చేది కదా సార్, ఇంట్లోవాళ్ళు తిట్టలేదా?" అని ఒకడు. "బోల్టు లేని వాణ్ణి ఓడిస్తే ఏం గెలిచినట్టు?" అని ఇంకొకతె. నేను తీర్పు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ వాదన అక్కడే చచ్చిపోయేది. మధ్యాహ్నం బెల్ కొట్టాక కూడా మెట్ల మీద బోల్టు గురించి అరుచుకుంటూ వెళ్ళేవారు. మోంటీకి వెండి పతకం వచ్చేదని కొందరు, అసలు బోల్టు ధర ఎంతుంటుందని కొందరు.

ఆరోగ్యం సరిగా లేక ఆడలేని పిల్లలను అప్పట్లో చెట్టు కింద కూర్చోబెట్టి చెప్పులు కాపలా కాయమనేవారు. డేరిల్ సీడెంటాప్ అనే ఆయన చెప్పిన పద్ధతి చదివాక నాకు దానికి వేరే దారి దొరికింది. కొన్ని వారాలు ఒకే జట్టు, అందులో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక బాధ్యత: ఒకరు రిఫరీ, ఒకరు స్కోరర్, ఒకరు కోచ్. ఆయాసంతో బాధపడే ఒక కుర్రాడు మా స్కోరర్. ఒకసారి వాడి సొంత జట్టుకే నేను పొరపాటున ఒక పాయింటు ఎక్కువ కలపమంటే, పెన్ను కదపలేదు. "సర్వీస్ మా వైపుకి మారలేదు సార్, పాయింటు లేదు" అన్నాడు. అంతమంది ముందు నాకు ఎదురు చెప్పిన మొదటి పిల్లవాడు వాడే. వాడి పుస్తకంలో కొట్టివేతలు కనిపించేవి కావు.

ఆ తర్వాత రోజులు మారాయి. పరీక్షలు దగ్గర పడితే మా పీరియడ్‌ను లెక్కలకో సైన్స్‌కో ఇచ్చేయడం ఎప్పుడూ ఉన్నదే. పాపం, ఆ సార్లకూ టెన్షనే. కానీ పిల్లలు తోలు బంతికి లేసు కట్టడం, నెట్ ముడి విప్పడం, సామాను లెక్కపెట్టి గదిలో పెట్టడం పోయాయి. బంతులు గాలితో సిద్ధంగా వస్తాయి, సామాను ఒక అటెండర్ తీసుకెళ్తాడు. ఆ సామాను గదిలోనే సగం చదువు ఉండేదని నా అనుమానం.

ఒక యాజమాన్యం రిపోర్టు కార్డులో క్రీడాస్ఫూర్తికి పది మార్కుల గడి పెట్టింది. మొదటి నెలలోనే ఫలితం కనిపించింది. నేను చూస్తున్నానని తెలిస్తే చాలు, పడినవాడి దగ్గరికి నలుగురు పరుగెత్తి చేతులు అందించేవారు. "సారీ బ్రదర్" అని గ్రౌండంతా వినపడేలా అరిచేవారు. నేను ఇటు తిరిగితే చేతులు వెనక్కి. ఒక్కడు మాత్రం, "సార్, ఇప్పుడు సాయం చేసింది రాసుకున్నారా?" అని నేరుగా అడిగాడు. వాడికి పది వేశాను, నిజాయితీకి.

నా దగ్గర చదువుకున్న ఒకతను ఇప్పుడు ఆటల టీచరు. ఆ సున్నం వాసన తగిలిన రోజు సాయంత్రం అతనికి ఫోన్ చేశాను. మేమిద్దరం ఎప్పుడు మాట్లాడినా వాదనే. చిన్న క్లాసులకు స్కోరు అసలు రాయకూడదని అతని వాదం. పిల్లలు మనసులో లెక్క పెట్టుకుంటూనే ఉంటారు, బోర్డు మీద రాస్తే కనీసం అందరికీ ఒకే లెక్క ఉంటుందని నాది. ఓడిపోవడం చిన్నప్పుడే, చిన్న ఆటలోనే నేర్చుకోవాలంటాను. ఓడిపోయినవాడు ఇంటికి వెళ్ళి బంతి ముట్టుకోకపోతే ఎవరికి నేర్పుతారు మాస్టారూ అంటాడు. చీటీల పద్ధతి మాత్రం వాళ్ళ స్కూల్లో కూడా నడుస్తోందట. టోపీ బదులు హెల్మెట్ వాడుతున్నాడు.

వచ్చే వారం వాళ్ళ పోటీలకు రమ్మన్నాడు. విజిల్ నాకు ఇవ్వడట, నేను ఆట ఆపి అందరిచేతా కొలిపిస్తానని అతని భయం. స్కోరు బల్ల దగ్గర కుర్చీ వేయిస్తానన్నాడు. పెద్ద క్లాసుల ఆటలకు మాత్రమే.